టెక్సస్‌లో హైస్కూల్ డిప్లొమా: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ కావచ్చు, హ్యూస్టన్ పక్కన కేటీ కావచ్చు, ఆస్టిన్ దగ్గర రౌండ్ రాక్ కావచ్చు, నలుగురు తెలుగువాళ్లు కలిసినచోట పిల్లల హైస్కూలు మాట వస్తే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఉండాలని ఈ పేజీ తయారుచేశాం. ఇక్కడ చెప్పినవి టెక్సస్ ప్రభుత్వ బడులకు రాష్ట్రమంతటా వర్తించే నియమాలు. స్కూల్ డిస్ట్రిక్టు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) ఇష్టాన్నిబట్టి మారేవాటి దగ్గర ఆ విషయం విడిగా చెప్పాం.

## అసలు డిప్లొమా అంటే ఏమిటి

మన టెన్త్, ఇంటర్ లాగా చివర్లో బోర్డు పరీక్షలు రాసి పాసైతే చాలదా?

చాలదు. ఇక్కడ ఇంటర్ బోర్డులాంటిది లేదు. డిప్లొమా ఇచ్చేది మీ స్కూల్ డిస్ట్రిక్టే. దానికి మూడు పనులు పూర్తికావాలి. మొదటిది, 9 నుంచి 12వ తరగతి దాకా సబ్జెక్టులవారీగా క్రెడిట్లు కూడబెట్టడం. రెండోది, 'స్టార్ ఈవోసీ' అనే ఐదు రాష్ట్ర పరీక్షలు (ఈవోసీ అంటే కోర్సు చివర పెట్టేవి) పాసవడం. మూడోది, సీపీఆర్ శిక్షణ, ఆర్థికసాయం ఫారం వంటి చిన్న లాంఛనాలు. ఆఖరి ఏడాది బాగా చదివి గట్టెక్కుదామంటే కుదరదు. తొమ్మిదో తరగతిలో పోగొట్టుకున్న క్రెడిట్ పన్నెండో తరగతిలో కూడా వెంటాడుతుంది.

కొందరు 22 క్రెడిట్లు అంటారు, కొందరు 26 అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఫౌండేషన్ ప్రోగ్రాం అనే కనీస డిప్లొమాకు 22 చాలు. ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఒక రంగానికి సంబంధించిన కోర్సుల వరుస కూడా పూర్తిచేసి తీసుకోవాలంటే 26.

22 లెక్క ఇలా వస్తుంది: ఇంగ్లిష్ 4, గణితం 3 (ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఇంకొకటి పైస్థాయిది), సైన్స్ 3 (అందులో బయాలజీ తప్పనిసరి), సోషల్ 3 (అమెరికా చరిత్ర ఒకటి, ప్రభుత్వం అర, ఎకనామిక్స్ అర, ప్రపంచ చరిత్ర లేదా ప్రపంచ భూగోళం ఒకటి), ఇంగ్లిష్ కాని భాష 2, వ్యాయామం 1, లలితకళలు 1, ఎలెక్టివ్‌లు (ఇష్టప్రకారం ఎంచుకునే కోర్సులు) 5. వీటికి నాలుగో గణితం, నాలుగో సైన్స్, మరో రెండు ఎలెక్టివ్‌లు కలిపితే 26.

ఒక క్రెడిట్ అంటే ఎంత? ఒక సెమిస్టర్‌లో 70 రాకపోతే మొత్తం పోయినట్టేనా?

ఏడాది పొడవునా సాగే కోర్సుకు 1 క్రెడిట్, సెమిస్టర్‌కు అర. పాస్ మార్కు నూటికి 70. మొదటి సెమిస్టర్‌లో 66, రెండోదానిలో 76 వచ్చాయనుకోండి, సగటు 71 కాబట్టి చాలా డిస్ట్రిక్టుల్లో పూర్తి క్రెడిట్ ఇస్తారు. సగటు 70కి తగ్గితే పాసైన సెమిస్టర్‌కు అర క్రెడిట్ దక్కుతుంది, తప్పిన సగాన్ని వేసవి బడిలోనో, క్రెడిట్ రికవరీ తరగతిలోనో పూర్తిచేయాలి. ఈ లోటును పన్నెండో తరగతిదాకా మోయకుండా ఆ వేసవిలోనే తీర్చేయడం మంచిది. ఆఖరి ఏడాది టైమ్‌టేబుల్‌లో పాత కోర్సుకు చోటు దొరకడం కష్టం.

ఎండార్స్‌మెంట్ ఏది ఎంచుకోవాలి? తర్వాత మార్చుకోవచ్చా?

ఐదు ఉన్నాయి: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడే ఏదో ఒకటి రాసివ్వాలి. తర్వాత మార్చుకోవచ్చు. అయితే మార్పు ఆలస్యమైనకొద్దీ కొత్తదానికి కావలసిన కోర్సుల వరుస పూర్తిచేయడానికి సమయం చాలదు. స్టెమ్‌కు ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ తప్పనిసరి. మనవాళ్లలో చాలామంది ఆలోచించకుండా స్టెమ్ రాసేస్తారు. మీ అమ్మాయికి ఫిజిక్స్ మీద మనసు లేకపోతే మల్టీడిసిప్లినరీ తీసుకున్నా కాలేజీ దారి మూసుకుపోదు.

ఎండార్స్‌మెంట్ వద్దని సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

పదో తరగతి తర్వాత, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో ఎండార్స్‌మెంట్ వదులుకుని 22 క్రెడిట్లతో బయటపడే వీలుంది. ఆరోగ్య కారణాలో, ఆలస్యంగా అమెరికా రావడమో ఉంటే అది సరైన దారే. ఒక సబ్జెక్టు కష్టంగా ఉందన్న ఒక్క కారణంతో మాత్రం తొందరపడి సంతకం పెట్టకండి. ఎండార్స్‌మెంట్ పోతే డిస్టింగ్విష్డ్ లెవెల్ పోతుంది. దానితోపాటు టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ర్యాంకు ఆధారంగా నేరుగా వచ్చే సీటుకు మామూలు దారి కూడా మూసుకుపోతుంది.

డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ అంటే క్లాసులో ఫస్ట్ రావడమా?

కాదు, దానికి మార్కులతోగానీ ర్యాంకుతోగానీ సంబంధం లేదు. ఏ కోర్సులు పూర్తిచేశారన్నదే లెక్క: నాలుగు గణితం క్రెడిట్లు (వాటిలో ఆల్జీబ్రా 2 ఉండాలి), నాలుగు సైన్స్, కనీసం ఒక ఎండార్స్‌మెంట్. 75 మార్కులతో నెగ్గుకొచ్చిన విద్యార్థికీ ఇది దక్కుతుంది, ఆల్జీబ్రా 2 వదిలేసిన 98 మార్కుల విద్యార్థికి దక్కదు.

## ఇండియా నుంచి వచ్చి చేరేటప్పుడు

బయలుదేరే ముందు స్కూల్ నుంచి ఏమేం కాగితాలు తెచ్చుకోవాలి?

టీసీ, జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు అందరూ తెస్తారు. మరిచిపోయేవి వేరే. తొమ్మిదో తరగతి మార్కుల పత్రం తప్పకుండా తీసుకురండి. మన దగ్గర టెన్త్ మెమో వచ్చాక తొమ్మిదిని ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ ఆ ఏడాది విలువ ఐదారు క్రెడిట్లు. ఎనిమిదో తరగతిది కూడా ఉంటే మంచిది. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో వస్తుంటే అప్పటిదాకా జరిగిన పరీక్షల మార్కులు కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ప్రతి పత్రం మీద హెడ్‌మాస్టర్ సంతకం, స్కూలు ముద్ర ఉండాలి. టెన్త్ మెమోలో గ్రేడ్లు మాత్రమే ఉంటే సబ్జెక్టులవారీ మార్కులు విడిగా రాయించుకోండి. తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం కావాలి. గణితం, సైన్స్ సిలబస్ నకలు, లేదా పుస్తకాల విషయసూచిక ఫొటోలు దగ్గరుంటే 'మా అబ్బాయి జామెట్రీ చదివాడు' అని కౌన్సెలర్‌కు చూపించడం తేలికవుతుంది. ఇక్కడికి వచ్చాక ఇవన్నీ తెప్పించాలంటే ఎవరో ఒకరు సెలవు పెట్టుకుని స్కూలు చుట్టూ తిరగాలి.

మావాడు టెన్త్ పాసై వచ్చాడు. పదకొండులో వేస్తారా, వెనక్కి తొమ్మిదిలో వేస్తారా?

వయసును కాకుండా అంగీకరించిన క్రెడిట్ల సంఖ్యను చూసి తరగతి నిర్ణయిస్తారు. ఇతర దేశాల చదువును పరిశీలించి క్రెడిట్లుగా మార్చే అధికారం డిస్ట్రిక్టుది. మన 9, 10 తరగతుల గణితంలో ఆల్జీబ్రా, జామెట్రీ కలగలిసి ఉంటాయి కాబట్టి ఆ రెండేళ్లకు ఆల్జీబ్రా 1, జామెట్రీ అడగవచ్చు. జీవశాస్త్రానికి బయాలజీ, భౌతిక రసాయన శాస్త్రాలకు ఐపీసీ అనే కలిపిన కోర్సు, సోషల్‌కు ప్రపంచ చరిత్ర లేదా భూగోళం, తెలుగుకో హిందీకో భాషా క్రెడిట్లు అడగండి. అమెరికా చరిత్ర, ప్రభుత్వం మాత్రం ఇక్కడే చదవాలి.

కౌన్సెలర్ మొదట తయారుచేసిన పట్టికే ఆఖరుదని అనుకోకండి. ఏ సబ్జెక్టుకు ఏ క్రెడిట్ ఇచ్చారో కాగితం మీద తీసుకుని, ఇవ్వనివాటికి కారణం అడగండి. కొన్నిచోట్ల పరీక్ష పెట్టి, అది పాసైతే క్రెడిట్ ఇస్తారు. మన సీబీఎస్‌ఈ, రాష్ట్ర సిలబస్‌లను అన్ని కౌన్సెలర్లూ చూసి ఉండరు. మర్యాదగా ఓపికగా చూపిస్తే చాలామంది సరిదిద్దుతారు.

టెన్త్‌లో 62 వచ్చాయి. ఇక్కడ 70 పాస్ మార్కు కదా, ఆ సబ్జెక్టు ఫెయిల్ కింద రాస్తారా?

అలా రాయకూడదు. మన రాష్ట్ర బోర్డు పాస్ మార్కు 35 అని మెమో వెనకో, స్కూలు లేఖలోనో ఉండేలా చూసుకోండి. చాలా డిస్ట్రిక్టులకు విదేశీ మార్కులను తమ స్కేలుకు మార్చే పట్టిక ఉంటుంది. కొన్నిచోట్ల మార్కు వేయకుండా 'పాస్' అని మాత్రమే రాసి క్రెడిట్ ఇస్తారు. అలా రాసిన కోర్సు సాధారణంగా జీపీఏలోకి, అంటే మొత్తం గ్రేడ్ల సగటులోకి రాదు. బాగా మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఇది కొంచెం నష్టమే. 62ను ఉన్నదున్నట్టు 62గా ఎక్కిస్తే క్రెడిటే పోతుంది కాబట్టి చేరిన నెలలోపే ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, మార్కులు, క్రెడిట్లు ఉండే పత్రం) తీసుకుని చూడండి.

హెచ్-4 వీసా పిల్లలకు వేరే డిప్లొమా ఇస్తారా?

లేదు. డిప్లొమాకూ వీసాకూ సంబంధం లేదు. ఇమిగ్రేషన్ హోదా చూసి పిల్లలకు ప్రభుత్వ బడి నిరాకరించకూడదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు పుట్టింది టెక్సస్‌లోని టైలర్ ఊళ్లోనే. హెచ్-4 తేడా తెలిసేది తర్వాత, కాలేజీ ఫీజుల దగ్గర.

ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పే తరగతిలో) వేశారు. డిప్లొమా స్థాయి తగ్గుతుందా?

తగ్గదు. ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు ఈసోల్ 1, ఈసోల్ 2 కోర్సులు ఇంగ్లిష్ 1, 2 స్థానంలో లెక్కకు వస్తాయి. తర్వాత ఇంగ్లిష్ 3, పైస్థాయి ఇంగ్లిష్ అందరితోపాటే చదవాలి. చేరేటప్పుడు ఇంటిభాష ఫారంలో తెలుగు అని రాస్తే పిల్లలకు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. ఆ భయంతో 'ఇంగ్లిష్' అని అబద్ధం రాయడం మంచిది కాదు. నిజంగా సాయం కావలసిన పిల్లలకు అది అందకుండా పోతుంది.

నేరుగా పన్నెండో తరగతి వయసులో వచ్చింది. ఒక్క ఏడాదిలో అవుతుందా?

పాత క్రెడిట్లు పూర్తిగా అంగీకరిస్తే అయ్యే అవకాశం ఉంది. ఇక్కడ తప్పక చదవాల్సినవి అమెరికా చరిత్ర, ప్రభుత్వం, సాధారణంగా ఎకనామిక్స్, మిగిలిన ఇంగ్లిష్. చేరిన వారంలోనే కౌన్సెలర్‌తో కూర్చుని 22 గడుల పట్టిక నింపించండి. ఖాళీలు ఎక్కువగా ఉంటే పదకొండో తరగతిలో చేరి రెండేళ్లు చదవడమే మేలు. సెప్టెంబరు 1 నాటికి 21 ఏళ్లు నిండనివాళ్లకు ప్రభుత్వ బడిలో చదివే హక్కుంది, కాబట్టి వయసు దాటిపోతోందన్న కంగారు అక్కర్లేదు.

## కోర్సులు ఎంచుకునేటప్పుడు

ఎనిమిదో తరగతిలో చదివిన ఆల్జీబ్రా 1 హైస్కూల్ క్రెడిట్‌గా వస్తుందా?

వస్తుంది. రాష్ట్ర పరీక్ష కూడా ఆ ఏడాదే రాసేస్తారు. అయితే మిడిల్ స్కూల్‌లో ఆ పరీక్ష రాసిన పిల్లలు హైస్కూల్లో ఒకసారి ఎస్‌ఏటీగానీ ఏసీటీగానీ (కాలేజీ ప్రవేశాల కోసం రాసే పరీక్షలు) రాయాలి. ఆల్జీబ్రా 1 మార్కు జీపీఏలో కలుస్తుందా లేదా అన్నది డిస్ట్రిక్టును బట్టి ఉంటుంది. ముందే చదివినంత మాత్రాన గణితం అక్కడితో ఆపకూడదు. పన్నెండో తరగతిదాకా ప్రతి ఏడాదీ గణితం ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్‌కే కాలేజీల్లో బలం ఉంటుంది.

తెలుగును రెండో భాషగా చూపించి స్పానిష్ తప్పించుకోవచ్చా?

చాలా డిస్ట్రిక్టుల్లో వీలుంది. కావలసింది ఒకే భాషలో రెండు స్థాయిలు. బడిలో తెలుగు చెప్పకపోయినా పరీక్ష ద్వారా క్రెడిట్ ఇస్తారు. ఇందుకు వాడే పరీక్షల్లో అవాంట్ సంస్థవారి స్టాంప్ పరీక్ష తెలుగులో ఉంది. అందులో రాయడం, మాట్లాడటం పరీక్షిస్తారు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు తడబడేది రాయడం దగ్గరే. గుణింతాలు, ఒత్తులు వచ్చి, ఒక అంశం మీద రెండు మూడు పేరాలు సొంతంగా రాయగలగాలి. కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ కూడా ముందే అలవాటు చేయించండి. మనబడి వంటి తెలుగు నేర్పే చోట్ల నాలుగేళ్లు చదివిన పిల్లలకు ఇది అందని పనేమీ కాదు.

ఏ స్థాయికి ఎన్ని క్రెడిట్లు, ఫీజు ఎవరు కడతారు, మనబడి సర్టిఫికెట్‌ను నేరుగా ఒప్పుకుంటారా అన్నవి డిస్ట్రిక్టును అడిగి తెలుసుకోండి. కంప్యూటర్ సైన్స్ కోర్సులు రెండు చదివినా ఈ నిబంధన తీరుతుంది. మనుషులు మాట్లాడే భాషనే అడిగే విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి కాబట్టి, బయటి రాష్ట్రాలకు దరఖాస్తు చేసేవాళ్లు అది చూసుకోవాలి.

వేసవిలో పరీక్ష రాసి జామెట్రీ దాటించాలనుకుంటున్నాం. ఎలా?

దీన్ని క్రెడిట్ బై ఎగ్జామ్ అంటారు. ఆ కోర్సు ఎన్నడూ బడిలో చదవకుండా రాస్తే 80, చదివి తప్పాక రాస్తే 70 రావాలి. డిస్ట్రిక్టు ఏడాదిలో నాలుగు విడతలు ఈ పరీక్ష పెడుతుంది, ముందుకు దూకడానికి రాసేవాళ్లకు ఉచితం. ఒక కోర్సుకు రెండుసార్లే అవకాశం. ఆ కోర్సు చదవాల్సిన విద్యాసంవత్సరం మొదలవకముందే పూర్తికావాలి. నమోదు గడువు పరీక్షకు చాలా వారాల ముందే ముగుస్తుంది. ఎక్కువమంది పరీక్షలో కాకుండా ఈ గడువు దగ్గరే జారిపోతుంటారు.

80తో పాసవడం వేరు, ప్రీకాల్క్యులస్‌కు గట్టి పునాది ఉండటం వేరు. పోటీ కోసం కాకుండా, పిల్లవాడికి నిజంగా ఆ సబ్జెక్టు వచ్చినప్పుడే ఈ దారి పట్టండి.

కూచిపూడి నేర్చుకుంటోంది. వ్యాయామానికో, లలితకళలకో లెక్కవేస్తారా?

అడగదగిన ప్రశ్నే. ఆఫ్-క్యాంపస్ పీఈ పథకం కింద, డిస్ట్రిక్టు ఆమోదించిన శిక్షణ కేంద్రంలో వారానికి కనీసం 5 గంటలు నిపుణుల దగ్గర నేర్చుకుంటే వ్యాయామం క్రెడిట్ ఇచ్చే వీలుంది. ఒలింపిక్ స్థాయి సాధనకు 15 గంటల విభాగం వేరే ఉంది. బయటి కళా శిక్షణను లలితకళల క్రెడిట్‌గా ఒప్పుకునే అవకాశం కూడా నియమాల్లో ఉంది. రెండిటికీ ముందస్తు అనుమతి కావాలి. ఏడాది నేర్చుకుని తర్వాత కాగితాలు పెడితే ఒప్పుకోరు. మార్చింగ్ బ్యాండ్, స్కూలు క్రీడాజట్లు, జేఆర్‌ఓటీసీ (మన ఎన్‌సీసీ లాంటిది) కూడా వ్యాయామం కింద చెల్లుతాయి.

## రాష్ట్ర పరీక్షలు

ఈవోసీ పరీక్షలు ఏవి, ఎప్పుడు?

ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, అమెరికా చరిత్ర. ఆ కోర్సు చదివిన ఏడాది వసంతంలో రాస్తారు. డిసెంబరులో, జూన్‌లో మళ్లీ రాసే వీలుంది. ఫలితంలో నాలుగు మెట్లుంటాయి. రెండోదైన 'అప్రోచెస్' చేరితే డిప్లొమాకు పాసైనట్టే. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027–28 నుంచి స్టార్ స్థానంలో కొత్త పరీక్షా విధానం వస్తోంది. ఇప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్న పిల్లలకు ఏవి వర్తిస్తాయో తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడు బడిలో రాసి తీసుకోండి.

బయాలజీలో 88 వచ్చాయి, ఈవోసీ తప్పింది. క్రెడిట్ పోయిందా?

క్రెడిట్ పోలేదు. కోర్సు పాసైతే క్రెడిట్ మీదే. కానీ ఆ పరీక్ష పాసవకపోతే డిప్లొమా ఆగుతుంది. ఎన్నిసార్లయినా రాయొచ్చు. తప్పిన విద్యార్థికి బడి అదనపు బోధన ఇవ్వాలి. వెనుకబాటును బట్టి 15 లేదా 30 గంటలు. కొన్ని పరీక్షలకు బదులుగా నిర్ణీత ఎస్‌ఏటీ, ఏసీటీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (బడిలోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) స్కోర్లు కూడా చెల్లుతాయి.

ఇండియాలో బయాలజీ, గణితం చదివి వచ్చాడు. వాటికీ ఈవోసీ రాయాలా?

టెక్సస్ ప్రభుత్వ బడిలో చేరకముందే ఆ కోర్సు పూర్తయి, డిస్ట్రిక్టు దానికి క్రెడిట్ ఇచ్చి ఉంటే ఆ పరీక్ష అక్కర్లేదు. ఇక్కడే కాగితాల విలువ తెలుస్తుంది. ఆల్జీబ్రా 1, బయాలజీ క్రెడిట్లు వస్తే రెండు పరీక్షలు తగ్గినట్టే. పొరపాటున పరీక్షకు పేరు నమోదుచేస్తే వెంటనే టెస్టింగ్ కోఆర్డినేటర్‌కు చెప్పండి.

పన్నెండో తరగతి వచ్చేసింది, ఇంకా రెండు పరీక్షలు మిగిలాయి. ఇక ఆశ లేదా?

ఉంది. రెండు పరీక్షల వరకు తప్పినవాళ్ల కోసం వ్యక్తిగత గ్రాడ్యుయేషన్ కమిటీ ఉంటుంది. ప్రిన్సిపాల్, ఆ సబ్జెక్టు టీచర్, విభాగం పెద్ద, తల్లి లేదా తండ్రి అందులో ఉంటారు. ఆ సబ్జెక్టులో ప్రాజెక్టు చేయమంటారు, లేదా చేసిన పనిని ఒక ఫైలుగా అడుగుతారు, అదనపు బోధన కూడా పూర్తిచేయిస్తారు. హాజరు, మార్కులు, పరీక్షకు ఎంత దగ్గరగా వచ్చాడన్నది చూస్తారు. నిర్ణయం ఏకగ్రీవంగా ఉండాలి. పరీక్ష రాయకుండా ఎగ్గొట్టినవాళ్లకు ఇది దొరకదు. మూడు తప్పితే ముందు ఒకటి పాసవ్వాలి.

## హాజరు

సంక్రాంతికి, పెళ్లికి కలిపి నెల రోజులు ఇండియా వెళ్తే ఏమవుతుంది?

క్రెడిట్లు పోయే ప్రమాదం ఉంది. తరగతి జరిగిన రోజుల్లో 90 శాతం హాజరుంటేనే క్రెడిట్. లెక్క ఒక్కో తరగతికి విడిగా వేస్తారు. సెమిస్టర్‌లో 85 రోజులు జరిగితే 8 రోజులకు మించి మానితే ఇబ్బంది మొదలవుతుంది. 75 నుంచి 90 శాతం మధ్య ఉంటే ప్రిన్సిపాల్ ఆమోదించిన ప్రణాళిక ప్రకారం పని పూర్తిచేసి క్రెడిట్ కాపాడుకోవచ్చు. అంతకన్నా తగ్గితే హాజరు కమిటీ ముందుకు వెళ్లాలి. ఆరు నెలల్లో 10 రోజులు కారణం లేకుండా మానితే విషయం ట్రూయెన్సీ కోర్టుదాకా (బడి ఎగ్గొట్టే కేసులు చూసే కోర్టు) వెళ్లొచ్చు. ఎక్కువ రోజులు వరుసగా రాకపోతే కొన్ని డిస్ట్రిక్టులు పేరు తీసేస్తాయి, తిరిగొచ్చాక మళ్లీ చేరాలి.

మే నెలాఖరు నుంచి ఆగస్టు మొదటి వారందాకా సెలవులే. హైస్కూలు పిల్లలున్న ఇంట ప్రయాణాలు అప్పుడే పెట్టుకోవడం మంచిది. తాతగారో అమ్మమ్మగారో బాగోలేక వెళ్లాల్సివస్తే ముందుగా ఈమెయిల్ చేసి, ఆసుపత్రి కాగితం దాచండి. కమిటీ అలాంటి కారణాలను పరిగణిస్తుంది.

దీపావళికి సెలవు పెడితే హాజరు తగ్గుతుందా?

తగ్గదు. మతపరమైన పర్వదినానికి ముందుగా లేఖ ఇచ్చి, ఆ రోజు పని తర్వాత పూర్తిచేస్తే హాజరైనట్టే లెక్క. ఎక్కువమంది ఫోన్ చేసి 'ఒంట్లో బాగాలేదు' అని చెప్పేస్తారు. అలా చెబితే అది మామూలు గైర్హాజరు అవుతుంది. ఉగాదికైనా, దసరాకైనా పండగ పేరు స్పష్టంగా రాసివ్వండి.

## ఆఖరి ఏడాది

మాకు ఆర్థికసాయం అక్కర్లేదు. అయినా ఫాఫ్సా నింపాలా?

ఏదో ఒక కాగితం ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ ఆర్థికసాయం దరఖాస్తు ఫాఫ్సాగానీ, టెక్సస్ రాష్ట్ర దరఖాస్తు టాఫ్సాగానీ, లేదా 'మేం నింపడం లేదు' అనే ఆప్ట్-అవుట్ ఫారంగానీ ఉండాలి. 2021–22 నుంచి ఇది డిప్లొమా షరతు. ఆప్ట్-అవుట్‌కు కారణం చెప్పాల్సిన పనిలేదు, తల్లి లేదా తండ్రి సంతకం చాలు. 18 నిండితే విద్యార్థే పెట్టొచ్చు.

హెచ్-4 విద్యార్థికి ఫాఫ్సా వర్తించదు. టెక్సస్ నివాసిగా అర్హత ఉంటే టాఫ్సా ప్రయత్నించవచ్చు. పిల్లలు ఇక్కడ పుట్టి, మీరు హెచ్-1బీలో ఉంటే మాత్రం వాళ్లు ఫాఫ్సా వేయొచ్చు. తల్లికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా అడ్డు కాదు.

సీపీఆర్, పోలీసు వీడియో అంటున్నారు. అవి కూడా లెక్కా?

అవును. 7 నుంచి 12వ తరగతి మధ్య ఒకసారి సీపీఆర్ శిక్షణ, 9–12 మధ్య పోలీసులతో ఎలా మసలుకోవాలన్న పాఠం, ఇంకా ప్రసంగ నైపుణ్యం పూర్తయినట్టు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండాలి. బడులే తరగతుల్లో చేయించేస్తాయి. మధ్యలో బడి మారినవాళ్లు, ఇండియా నుంచి వచ్చినవాళ్లు వీటిని తప్పిపోతుంటారు. పదకొండు పూర్తయ్యేసరికి ఒకసారి సరిచూడండి.

మూడేళ్లలో ముగించొచ్చా?

క్రెడిట్లు, పరీక్షలు పూర్తయితే వీలుంది. డిస్ట్రిక్టు విధానం ప్రకారం ముందుగా దరఖాస్తు, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ర్యాంకు ఏ బ్యాచ్‌తో కలిపి లెక్కిస్తారో ముందే అడగండి.

మే నెలకు ఒక క్రెడిట్ మిగిలిపోయింది. స్టేజీ మీద నడవనిస్తారా?

అది డిస్ట్రిక్టు ఇష్టం, చాలాచోట్ల నడవనివ్వరు. వేడుక వేరు, డిప్లొమా వేరు. వేసవిలో క్రెడిట్ పూర్తిచేస్తే ఆగస్టులో డిప్లొమా ఇస్తారు. ఇండియా నుంచి తాతయ్య, అమ్మమ్మలకు టికెట్లు కొనేముందు ఈ విషయం నిర్ధారించుకోండి.

## డిప్లొమా చేతికొచ్చాక

టాప్ 10 శాతంలో ఉంటే యూటీ ఆస్టిన్‌లో సీటు ఖాయమేనా?

1997 నాటి చట్టం ప్రకారం టాప్ 10 శాతం విద్యార్థులకు టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంది. యూటీ ఆస్టిన్‌కు మినహాయింపు. 2026 ఫాల్ నుంచి అక్కడ టాప్ 5 శాతానికే. ఆ ప్రవేశం కూడా విశ్వవిద్యాలయానికే, కోరిన శాఖకు కాదు. కంప్యూటర్ సైన్స్‌కు విడిగా పోటీ పడాలి. గడువులోగా దరఖాస్తు చేయడం ఎలాగూ తప్పదు.

ఇంజినీరింగో, మెడిసినో ఇండియాలో చదివించాలనుకుంటే ఈ డిప్లొమా చెల్లుతుందా?

ఇంటర్‌తో సమానమని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ నుంచి సమానతా పత్రం తీసుకోవాలి. డిప్లొమా, ట్రాన్‌స్క్రిప్ట్‌లకు నోటరీ చేయించి, టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ) వేయించుకోండి. అసలు చిక్కు సబ్జెక్టుల దగ్గర వస్తుంది. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ప్లస్ టూ స్థాయిలో చదివి ఉండాలి. ఇక్కడ బయాలజీ తొమ్మిదో తరగతిలోనే అయిపోతుంది. కాబట్టి 11, 12లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్థాయి సైన్స్‌లు పెట్టుకోవాలి. ఈ ఆలోచన పదో తరగతిలోనే మొదలుకావాలి.

డిప్లొమా పూర్తికాలేదు. జీఈడీ రాస్తే అదే విలువా?

జీఈడీ పాసైతే టెక్సస్ హైస్కూల్ సమానతా ధ్రువపత్రం ఇస్తుంది. అది డిప్లొమా కాదు, కమ్యూనిటీ కాలేజీలో చేరడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది. నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదానిలో 145 రావాలి. వయసు 18 ఉండాలి, 17 అయితే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఒక్క ఈవోసీ మాత్రమే మిగిలినవాళ్లు జీఈడీ వైపు వెళ్లకుండా ఆ పరీక్షే మళ్లీ రాయడం మేలు. బడి వదిలాక కూడా రాసే వీలుంది.

డిప్లొమా మీద ఇంటిపేరు తారుమారైంది. ఏం చేయాలి?

మనవాళ్లలో ఇది మామూలే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, కొందరికి వీసాలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంతపేరు తెలియదని). బడి రికార్డులో ఎక్కిన పేరే ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి వెళ్తుంది. పన్నెండో తరగతి మొదట్లో డిప్లొమా పేరు ఖరారుచేయమని ఫారం ఇస్తారు. దాన్ని పిల్లల చేత నింపించి వదిలేయకుండా పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ముద్రించాక తప్పు కనిపిస్తే పాస్‌పోర్టు నకలుతో రిజిస్ట్రార్‌ను కలవండి. డిప్లొమా కాగితాన్ని మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు, దానికి కొంత రుసుము ఉంటుంది. దానికన్నా ముందు ట్రాన్‌స్క్రిప్ట్‌లో పేరు దిద్దించండి, కాలేజీలు, ఉద్యోగాలు, వీసా అధికారులు అడిగేది దాన్నే.